మా రేపల్లె జవుళి కొట్టు – దాని పద్దు పుస్తకాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు వ్యాసం పంపమని కార్యదర్శిగారు ఉత్తరం వ్రాశారు. సర్వీసు అనుభవాలు మిత్రులు చాలామంది వ్రాస్తారు కనుక, నేను మా ఇంటివారు మూడు తరాలు రేపల్లె బజారులో నడిపిన జవుళి కొట్టు చరిత్ర వ్రాద్దామనుకున్నాను. సొంత గొప్ప చెప్పుకోవటానికి కాదు. ఆ రోజుల్లో ఆ తాలూకాలో పనిచేసిన గుమాస్తాలు, పంతుళ్ళు, కరణాలు, పోలీసులు చాలామంది పేర్లు మా పద్దు పుస్తకాలలో ఉన్నాయి. మన సభ్యుల పేర్లూ కొన్ని ఉన్నాయి. కొట్టు మూసిన తరువాత ఆ పుస్తకాలు దుమ్ము దులిపి చూసే పని నా మీద పడింది. చూసినకొద్దీ నాకు తోచినదేమంటే, జవుళి కొట్టు చరిత్రలో బట్టల సంగతి కంటే అరువు సంగతే ఎక్కువ.

రేపల్లె అప్పట్లో గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. మాకు దక్షిణాన సముద్రం వైపు నిజాంపట్నం. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి గ్లోబ్ అనే ఓడ 1611లో ఆ రేవుకు వచ్చి, అక్కడి నుంచి బందరు వెళ్ళింది. వారు వచ్చింది మన బట్ట కొనటానికి. చిరివేరుతో అద్దిన ఎర్రరంగుకు ఈ తీరం పేరుపడ్డది. మూడు వందల ఏళ్ళు తిరిగేసరికి బేరం తల్లకిందులైంది. మా తాతగారు వర్తకంలో దిగేనాటికి అమ్మింది మాంచెస్టరు మల్లు, గ్లాస్కో పంచెలు, సీమ చీటీగుడ్డ. నేతచీరలు, ముతక పంచెలు మాత్రం చీరాల, పెడన, మంగళగిరి నుంచి వచ్చేవి.

తాతగారు మొదట మూట వర్తకులు. భుజాన బట్టల మూటతో ఊరూరా తిరిగేవారు. తెనాలి నుంచి రేపల్లెకు 1916లో రైలు పడింది. రైలు అక్కడితో ఆఖరు. కృష్ణకు అవతల ఉన్న దివిసీమవారు కూడా పెనుమూడి రేవులో పడవ దాటి, రేపల్లె వచ్చి రైలెక్కేవారు. జనం ఇటు వస్తుంటే మనం ఊళ్ళు తిరగటం ఎందుకని తాతగారు బజారులో ఒక చిన్న గది అద్దెకు తీసుకున్నారు. అదే కొట్టు.

ఇప్పటి పిల్లలకు ఆ కొట్టు ఎలా ఉండేదో చెబితే గాని తెలియదు. కుర్చీలు, బల్లలు లేవు. నేల మీద పరుపు, దాని మీద తెల్ల దుప్పటి. వచ్చినవారు చెప్పులు అరుగు కింద విడిచి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి కూర్చోవాలి. తానులు గోడ బీరువాలలో పేర్చి ఉండేవి. గుమాస్తా ఒక తాను లాగి, దుప్పటి మీద జారవిడిస్తే అది దొర్లుకుంటూ వచ్చి కొనేవారి ఒళ్ళో ఆగేది. ఒక మూల గల్లాపెట్టె, దాని పక్కన గజంబద్ద, కత్తెర. అరుగు మీద కుట్టుమిషనుతో దర్జీ. ఆయన మాకు అద్దె ఇచ్చేవాడు కాదు, మేము ఆయనకు జీతం ఇచ్చేవాళ్ళం కాదు. ఇంకొక కొట్టు గుడ్డ మాత్రం ఆ మిషను ఎక్కేది కాదు.

ప్రతి తానుకూ ఒక చీటీ కుట్టి ఉండేది. దాని మీద అంకెలకు బదులు అక్షరాలు. పది అక్షరాల మాట ఒకటి ఇంట్లోవారికి మాత్రమే తెలుసు. ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క అంకె. అది కొన్న ధర. దాన్ని చూసుకుని గుమాస్తా ఎంతవరకు దిగవచ్చో లెక్క కట్టేవాడు. ఆ మాట మా అమ్మకు కూడా నాన్నగారు చాలా ఏళ్ళకు గాని చెప్పలేదు. కొట్టు లేకపోయినా ఇక్కడ వ్రాయటానికి నాకు చెయ్యి రావటం లేదు.

ఇక పద్దు పుస్తకాలు. రోజు జరిగినది చిఠాలోకి, చిఠా నుంచి పేరువారీగా ఆవర్జాలోకి. మా ఆవర్జాలలో పేర్లు ఊరువారీగా ఉంటాయి. ఏటికి ఇవతలి ఊళ్ళకు ఒక పుస్తకం, దివిసీమకు వేరే పుస్తకం. దాన్ని ‘ఏటవతల పద్దు’ అనేవారు. ఉద్యోగులది మూడో పుస్తకం. మన వర్గానికి వేరే పుస్తకం ఎందుకంటే, మన బాకీలు నెలనెలా తీరేవి. రైతులవి, కూలీలవి పంట మీద తీరేవి.

డెల్టాలో వరి కోతలు సంక్రాంతి ముందు. మాగాణిలో చల్లిన మినుము ఆ తరువాత చేతికి వచ్చేది. దసరా, దీపావళి, సంక్రాంతి బట్టలన్నీ చేతిలో డబ్బు లేని కాలంలో కొనవలసినవే. మాఘంలో పెళ్ళిళ్ళు. మధుపర్కాలు, పెట్టుబడి చీరలు, అల్లుడికి పంచెల చాపు, వియ్యపురాలికి నేతచీర. ఒక్క పెళ్ళి బేరానికి ఆవర్జాలో అర పేజీ పట్టేది. ధాన్యం అమ్మినాక వచ్చి తీర్చేవారు. పంట పోయిన ఏడు బాకీ తరువాతి ఏటికి జరిగేది. తాతగారు చెడ్డవారేమీ కాదు గాని, ధర్మసంస్థ కూడా నడపలేదు. నగదు ధర ఒకటి, అరువు ధర ఒకటి ఉండేది. బాకీ మరీ ముదిరితే ప్రామిసరీ నోటు వ్రాయించుకుని వడ్డీ కట్టేవారు.

ఆ వడ్డీకి 1938లో దెబ్బ తగిలింది. మదరాసులో రాజాజీగారి ప్రభుత్వం రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది. పాత అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి రైతులు బాకీ ఉన్న వడ్డీ రద్దయింది. ఆ సంవత్సరపు ఆవర్జాలో తాతగారి దస్తూరీ నొక్కి వ్రాసినట్లు ఉంటుంది. కోపమో, దుఃఖమో. తరువాత ఆయన నోట్లు వ్రాయించటం మానేశారు. వడ్డీ లేదు, నోటు లేదు, అరువు ధర మాత్రం ఉంది. సంవత్సరానికొకసారి బాకీ చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో వేయించుకునేవారు. మూడేళ్ళకు కాలదోషం పడుతుంది కనుక ఆ ముద్ర అవసరం. చట్టం వల్ల నష్టపోయామని మా ఇంట్లో అనేవారు. నా అభిప్రాయం వేరు. ఆ చట్టం వల్లనే మా కొట్టు వడ్డీ వ్యాపారం కాకుండా జవుళి కొట్టుగా మిగిలింది.

అంతకు ముందు 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో విదేశీ బట్టల బహిష్కారం జరిగింది. తాతగారు గ్లాస్కో పంచెలు మూటకట్టి అటక ఎక్కించారు. దేశభక్తి ఎంతో, కొట్టు ముందు పికెటింగు భయం ఎంతో ఇప్పుడు చెప్పలేను. రెండూ ఉండి ఉంటాయి.

యుద్ధకాలంలో 1943లో బట్ట మీద కంట్రోలు వచ్చింది. మిల్లు బట్ట మీద ధర ముద్ర వేసి వచ్చేది. కార్డు ఉంటే గజాల లెక్కన ఇచ్చేవారు. 1948 జనవరిలో కంట్రోలు ఎత్తివేస్తే ధరలు మండిపోయి, ఆ ఏడే మళ్ళీ పెట్టవలసి వచ్చింది. ఆ కాలపు ఆవర్జాలు పలచగా ఉంటాయి. సరుకే లేనప్పుడు అరువు ఎవరిస్తారు? ఉన్నది నగదుకే పోయేది. పీనుగ మీద కప్పే కోరా గుడ్డ ఒక్కటి మాత్రం తాతగారు కంట్రోలులో కూడా విడిగా దాచి ఉంచేవారట. కోరా గుడ్డకు మా కొట్టులో బేరం లేదు. అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టినా కోసి ఇచ్చేవారు. పన్నెండో రోజు దాటేవరకు దాన్ని పద్దులో ఎక్కించరు.

నాకు జ్ఞాపకమున్న కొట్టు నాన్నగారిది. బడి వదలగానే వెళ్ళి తానులు మడతపెట్టేవాణ్ణి. 1957 ఏప్రిల్ నుంచి నయాపైసలు వచ్చాయి. ఆ తరువాత గజం పోయి మీటరు వచ్చింది. చెక్క గజంబద్ద తీసివేసి, సర్కారు ముద్ర ఉన్న ఇనప మీటరు బద్ద పెట్టాము. గజం రూపాయిన్నర బట్ట మీటరు లెక్కన ఒక రూపాయి 64 నయాపైసలు. ఆ పట్టిక నేనే వ్రాసి గోడకు అంటించాను. ముసలమ్మలు వినేవారు కాదు. “గజం అడిగితే మీటరంటావు, ధర పెంచటానికి కొత్త పేరు పెట్టావా షావుకారూ?” అని నిలదీసేవారు. నాన్నగారు పాత గజంబద్ద బయటకు తీసి, రెండు బద్దలూ పక్కపక్కన పెట్టి చూపించేవారు. చూసి, “అయితే ఆ మిగులు ముక్క ఊరికే ఇయ్యి” అనేవారు.

అదే 1957లో ఇంకొక మార్పు జరిగింది. మిల్లు బట్ట, పంచదార, పొగాకుల మీద రాష్ట్రాల అమ్మకపు పన్ను బదులు కేంద్రం అదనపు ఎక్సైజు సుంకం వేసి, రాష్ట్రాలకు పంచే పద్ధతి పెట్టింది. పన్ను మిల్లు దగ్గరే తీరిపోయేది. కిరాణా కొట్టువారు అమ్మకపు పన్ను లెక్కలకు తల పట్టుకుంటుంటే, జవుళి కొట్టువారు పక్క అరుగు మీద కూర్చుని తాంబూలం వేసుకునేవారు.

నేను 1970లో ఎల్.డి.సి.గా తాలూకా ఆఫీసులో చేరాను. కొట్టు పని అన్నయ్య అందుకున్నాడు. ఉద్యోగుల పద్దు గురించి ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. మామూలుగా మన బాకీలు ఫస్టు తారీఖు జీతానికి కొంత, పండుగ అడ్వాన్సుకు కొంత తీరేవి. అడ్వాన్సు పది వాయిదాలలో జీతంలో కోసుకునేవారు గనక, వచ్చే దసరాకు పాత అడ్వాన్సు తీరి కొత్తది చేతికి వచ్చేది. ఆ చక్రం 1972లో ఆగింది. జై ఆంధ్ర ఉద్యమంలో డిసెంబరులో ఎన్.జీ.ఓ.లు సమ్మెకు దిగారు. మూడు నెలలు దాటినా జీతం లేదు. ఆ సంక్రాంతికి మా ఇంట్లో నేనూ జీతం లేనివాణ్ణే. తోటి ఉద్యోగులు బజారులో మా కొట్టు దాటవలసి వస్తే ఎదుటి పక్కకు మళ్ళి నడిచేవారు. అది నాన్నగారు గమనించారు. గుమాస్తాను పంపి ఒక్కొక్కరినీ పిలిపించారు. “సమ్మె సర్కారుతో గాని మీ పిల్లలతో కాదుగదండీ, వచ్చి బట్టలు తీసుకెళ్ళండి” అన్నారు. 1973 జనవరి పేజీలలో ఉద్యోగుల పద్దు నిండిపోయి ఉంది. కుడివైపు జమ గడి ఖాళీ. మళ్ళీ మే నెల నుంచి జమలు కనిపిస్తాయి. పది, పదిహేను, ఏడున్నర. ఒకాయన వేరే జిల్లాకు బదిలీ అయి వెళ్ళి, అక్కడి నుంచి నెలకు అయిదు రూపాయలు మనియార్డరు చేశారు. ఆ కూపన్లు ఆవర్జాలో గుచ్చి ఉన్నాయి. ఎంత వెతికినా ఆ ఏటి బాకీలలో తీరనివి రెండే కనిపించాయి. ఆ ఇద్దరూ సర్వీసులోనే కాలం చేసినవారు.

తరువాత 1977. ఆ ఏడు రాష్ట్రంలో చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారి అప్పులు రద్దు చేస్తూ చట్టం వచ్చింది. మా పద్దు దాని కిందకు వస్తుందో రాదో ప్లీడరుగారిని అడుగుదామని మా మేనమామ అన్నాడు. నాన్నగారు అడగలేదు. అడిగే పనిలేకుండానే నవంబరు 19 శనివారం ఉప్పెన వచ్చింది.

దివిసీమ సంగతి మన తరానికి చెప్పనక్కరలేదు. పదివేల మంది దాకా పోయారని ప్రభుత్వపు లెక్క. కోతకు వచ్చిన వరి ఉప్పునీటిలో కుళ్ళింది. మా వైపు తీర గ్రామాలకు కూడా దెబ్బ తగిలింది. నేను రాత్రింబగళ్ళు ఆఫీసులో సహాయం జాబితాలు వ్రాస్తున్నాను. కొట్టులో ఉన్న కోరా తానులన్నీ, వాటితో ముతక చీరలు, దుప్పట్లు నాన్నగారు సహాయానికి వెళ్ళే కుర్రవాళ్ళకు ఇచ్చి పడవ ఎక్కించారు. అవి చిఠాలో ఎక్కలేదు. సరుకు నిల్వ తగ్గింది చూసి అన్నయ్య అడిగితే, “ఎలుకలు కొట్టాయని వ్రాసుకో” అన్నారట.

ఏటవతల పద్దులో అప్పటికి రెండు వందలకు పైగా పేర్లు ఉన్నాయి. నాన్నగారు ఎవరినీ అడగలేదు, మనిషిని పంపలేదు. ఫిబ్రవరిలో ఒక పెద్దమనిషి పడవ దాటి వచ్చి, పరుపు మీద కూర్చుని, పుస్తకం తెమ్మన్నాడు. తన ఊరి పేర్లు ఒక్కొక్కటే చదివించుకుని, లేనివారి పేరు వచ్చినప్పుడు చెయ్యి అడ్డంగా ఊపాడు. నాన్నగారు ఆ పేర్లు కొట్టివేయలేదు. బాకీ అంకె కింద ‘19-11-77’ అని తారీఖు వేశారు. ఆ పుస్తకంలో అలాంటి తారీఖులు నేను లెక్క పెట్టాను. అరవై మూడు.

ఆ తరువాత మూడేళ్ళకు జరిగినది అన్నయ్య చెప్పగా విన్నాను. పదహారు, పదిహేడేళ్ళ కుర్రవాడు వచ్చి, అరుగు కిందనే నిలబడి, “మా అయ్య పేరు మీ పుస్తకంలో ఉందాండీ?” అని అడిగాడు. తండ్రి పేరు, ఊరు చెప్పాడు. ఉంది. బాకీ 86 రూపాయలు. బాకీ ఎవరూ అడగలేదు, అదంతా ఎప్పుడో అయిపోయిందని నాన్నగారు చెప్పబోయారు. కుర్రవాడు బాకీ కోసం రాలేదు. ఇంటిల్లిపాదిలో వాడొక్కడే బ్రతికాడు. ఇల్లు పోయింది, పెట్టె పోయింది, ఫోటో అనేది వాళ్ళ ఇంట్లో ఎప్పుడూ లేదు. తండ్రి ఏటేటా మా కొట్టుకు వచ్చి వేలిముద్ర వేయటం చిన్నప్పుడు పక్కన నిలబడి చూశాడట. అది చూస్తానన్నాడు.

నాన్నగారు పుస్తకం తెరిచి చూపించారు. నాలుగు సంవత్సరాలవి నాలుగు ముద్రలు. వాడు చాలాసేపు చూశాడు. నాన్నగారు గల్లా పక్కన ఉన్న కత్తెర తీసి, ఆ ఆకు కుట్టు దగ్గర కత్తిరించి, మడతపెట్టి చేతికిచ్చారు. వర్తకుడికి ఆవర్జాలో ఆకు కోయటం ఎంత పనో తెలిసినవారికి తెలుసు. కోర్టులో ఆ పుస్తకం ఇక చెల్లదు. గుమాస్తా “బాబుగారూ” అని అరిచాడట. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది. 112వ పేజీ తరువాత 115.

మిగిలిన చరిత్ర త్వరగా చెప్పవచ్చు. టెరిలిను, పాలియెస్టరు వచ్చి నూలు బట్టను వెనక్కు నెట్టాయి. అయిదేళ్ళకు చిరగని చొక్కా వచ్చాక ఏటా కొనే పని ఏముంది? 1982 జనవరిలో బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె మొదలై, పేరున్న మిల్లుల సరుకు రావటం తగ్గింది. ఆ చోటును భివండి, సూరత్ మరమగ్గాల బట్ట ఆక్రమించింది. రామారావుగారి ప్రభుత్వం 1983లో పేదలకు సగం ధరకు చీర, ధోవతి ఇచ్చింది. మంచి పనే. మా కొట్టుకు ముతక బట్ట బేరం పోయింది. 1986లో నాన్నగారు పోయారు. 1988-89 నుంచి ఆదాయపు పన్నుకు అందరికీ మార్చి 31తోనే సంవత్సరం ముగియాలని రావటంతో, ఉగాదికి పసుపు కుంకుమ పెట్టి కొత్త ఆవర్జా తెరవటం ఉత్త పూజగా మిగిలింది. మాకు ఖాకీ డ్రిల్లు వచ్చే పెరంబూరు బిన్నీవారి మిల్లు 1996లో మూతపడ్డది.

రొయ్యల చెరువులు వచ్చాక తీర గ్రామాలలో చేతినిండా నగదు ఆడింది. నగదు ఉన్నవారు రేపల్లెలో ఎందుకు కొంటారు? పెళ్ళి బట్టలకు బెజవాడ వస్త్రలతకు వెళ్ళేవారు. పెనుమూడి దగ్గర కృష్ణ మీద వంతెన పడ్డాక దివివారికి పడవ కోసం మా ఊళ్ళో కాచుకుని కూర్చునే పనీ తప్పింది. అరువు అవసరమైనవారు మాత్రం మా కొట్టుకు వచ్చేవారు. రెడీమేడు కొట్లు, చల్లటి గదుల షోరూములు మమ్మల్ని దెబ్బ తీశాయని అందరూ అంటారు గాని, నేను చూసినంతలో నగదు బేరం అంతా ఊరు దాటి పోయి, అరువు బేరం ఒక్కటే ఊళ్ళో మిగలటమే అసలు దెబ్బ. రెండూ కలిసి ఉంటేనే కొట్టు నిలిచేది.

2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు మాత్రం వింత జరిగింది. పదేళ్ళుగా కనపడనివారు పాత అయిదు వందల నోట్లు పట్టుకుని, “బాకీ ఎంతుందో చూడండి అన్నగారూ” అంటూ వచ్చారు. అన్నయ్య తీసుకోలేక, వద్దనలేక నవ్వుకున్నాడు. మరుసటి సంవత్సరం జూలైలో జి.ఎస్.టి. వచ్చింది. మా కొట్టులో బట్ట మీద పన్ను వ్రాయవలసి వచ్చింది. నూటికి అయిదు. కంప్యూటరు బిల్లు, నెలనెలా రిటర్ను. అన్నయ్యకు అప్పటికి డెబ్బై మూడు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. 2018 దసరా బేరం అయ్యాక కొట్టు మూసేశారు. ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోనుల దుకాణం ఉంది.

మూసే ముందు అన్నయ్య చివరి ఆవర్జా కూడి చూశాడు. రావలసినది ఒక లక్షా పద్దెనిమిది వేలు, నలభై ఒక్క పేర్లు. అందులో ముగ్గురు మన సంఘ సభ్యులేనని చెప్పాడు. పేర్లు ఏమిటని అడిగాను. పుస్తకం మూసి, “అది ఉద్యోగుల పద్దురా, నీకెందుకు?” అన్నాడు. మిగిలిన పుస్తకాలన్నీ నాకిచ్చాడు గాని, ఆ ఒక్కటి తన దగ్గరే ఉంచుకున్నాడు.